మల్లె మర్నాటికే, వరికుచ్చు ఏడాదికీ

సాయంత్రం విచ్చిన మల్లెదండ తెల్లారేసరికి గోధుమరంగుకు తిరుగుతుంది. అదే ఇంట్లో, వసారా చూరుకు సంక్రాంతినాడు కట్టిన వరికుచ్చు వేసవి దాటుతుంది, వానాకాలం దాటుతుంది, పిచ్చుకలు మిగిల్చితే మళ్లీ పెద్దపండుగ దాకా వేలాడుతూనే ఉంటుంది. రెండూ మొక్క నుంచి కోసినవే. కోసిన క్షణం నుంచీ రెండింటికీ నీళ్లు అందవు. మరి ఒకటి ఒక్క రాత్రిలో పోవడమేమిటి, ఇంకోటి ఏడాది నిలవడమేమిటి?

ఈ ప్రశ్న గోదావరి డెల్టాలో అడగదగ్గది. కడియం, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక, జేగురుపాడు చుట్టుపక్కల నర్సరీల్లో దొరకని పూలమొక్క అరుదు. లంకభూముల నుంచి బంతి, చేమంతి, లిల్లీ, కనకాంబరం కడియపులంక మార్కెట్‌కు దిగుతూనే ఉంటాయి. ఆ వ్యాపారమంతా పూటల లెక్క. ఉదయం బేరం కుదరని పువ్వుకు సాయంత్రం విలువుండదు. ధర పడిపోయిన రోజున బంతిపూలు రోడ్డు పక్కన కుప్పబోసి పోవడం అక్కడివాళ్లకు కొత్త దృశ్యం కాదు. ఇంత పూలసీమలో ఎండిన పువ్వుకూ ఎండిన కాయకూ మాత్రం గౌరవం లేదు, ఒక్క వరికుచ్చుకు తప్ప. అటు తూత్తుకుడి నుంచీ కోల్‌కతా నుంచీ ఎండు పూలు, తామర దుద్దులు, రకరకాల ఎండుకాయలు ఓడలెక్కి పరదేశాలకు పోతున్నాయి.

మన గాలిలో తేమ ఎక్కువ, ఇక్కడ పువ్వు ఎండేలోపు బూజు పడుతుంది అని ఒక సమాధానం వినిపిస్తుంది. అందులో నిజం సగమే. పువ్వును ఎండబెట్టడంలో పెద్ద పని మనది కాదు, మొక్కది. ఏడాదిలో బతుకు ముగించుకునే మొక్క తన గింజ కోసం తన ఒంట్లో కొంత భాగాన్ని తానే ఎండబెట్టుకుంటుంది. అది ఏ భాగమో, ఏ వారంలోనో కనిపెట్టి, దానికి అడ్డం రాకుండా ఉంటే చాలు. డెల్టాలో అందుకు ఒక కాలం ఉంది. దాన్నిబట్టి విత్తాలి.

నీళ్లతో నిలబడేది, పుల్లతో నిలబడేది

మల్లెరేకును వేళ్లమధ్య నలిపితే తడి తప్ప దాదాపు ఏమీ మిగలదు. పూరేకుల బరువులో నూటికి ఎనభై పాళ్లు, ఒక్కోసారి తొంభై, నీరే. రేకులోని ప్రతి కణమూ పల్చటి గోడల మధ్య నీళ్లు కుక్కిన అర. లోపలి నీరు గోడను బయటికి నెడుతుంది, గోడ తిరిగి లోపలికి నొక్కుతుంది. ఈ రెంటి మధ్య పుట్టే బిగువే రేకును విప్పి నిలబెడుతుంది. దీన్ని నీటిబిగువు అనుకుందాం. పాఠ్యపుస్తకాల్లో స్ఫీత పీడనం అని ఉంటుంది, ఇంగ్లీషులో టర్గర్ అంటారు.

రాజమండ్రిలో కొత్త బట్టల దుకాణం తెరిచిన రోజున వాకిట్లో గాలి కొట్టిన పెద్ద ద్వారం నిలబెడతారు, చూసే ఉంటారు. రంగురంగుల గుడ్డ, లోపల గాలి, కింద మోటారు ఫ్యాను. ఆ ద్వారానికి గుంజలు లేవు, వాసాలు లేవు. కరెంటు పోతే నిమిషంలో నేలమీద పడుతుంది. పక్కనే పెళ్లివారింట వెదురు రాటలు పాతి తాటాకు కప్పిన పందిరి కూడా వేసి ఉందనుకోండి. దానికి కరెంటుతో పనిలేదు. ఆకు ఎండినా, మామిడి తోరణం వడిలినా, పెళ్లివారు ఊరు వదిలి పోయినా పందిరి నిలిచే ఉంటుంది, ఎవరో వచ్చి విప్పేదాకా. మల్లెపువ్వు గాలిద్వారం. వరికంకి వెదురుపందిరి. మొక్కలు ఈ రెండు రకాల కట్టడాలూ కడతాయి. తుమ్మెదను ఒక పూటకు పిలవడానికైతే మొదటిది చాలు, చవక. నెలల తరబడి గింజను మొయ్యాలంటే రెండోది కట్టక తప్పదు.

మల్లె వడలడమే కాదు, రంగు కూడా మారుతుంది. దానికి కారణం వేరు. బతికున్న కణంలో ఫినాల్ జాతి రసాయనాలు ఒక అరలోనూ, వాటిని గాలితో కలిపి మార్చే ఎంజైములు మరో అరలోనూ ఉంటాయి. బిగువు పోయి అరలు చితికితే రెండూ కలుస్తాయి, గోధుమరంగు పుడుతుంది. కోసిన వంకాయ ముక్క నల్లబడేదీ ఇందుకే. వంకాయ ముక్కల్ని ఉప్పునీళ్లలో వేసే ఇల్లాలు ఆపుతున్నది ఈ చర్యనే.

ఇప్పుడు సీతమ్మవారి జడ పువ్వును పట్టుకుని చూడండి. కొందరు కోడిజుట్టు అంటారు, తెలంగాణలో పట్టుకుచ్చు. మొక్క మీద ఉండగానే, నిండు యౌవనంలోనే, వేలికి గరగరమంటుంది. అందులో కనిపించే ఒక్కో పొలుసూ పుట్టుకతోనే నీరు తక్కువైన కాగితపు రేకు. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి వందల చిన్నపూల సముదాయం. మామూలుగా ఒక బిందువు దగ్గర పెరగవలసిన కొమ్మచివర ఒక గీతగా సాగి పెరగడంతో ఆ మడతలు పడ్డ జుట్టు తయారవుతుంది. బతుకమ్మలో పేర్చే గునుగు దీనికి అక్క, మడతలు లేని అడవి రూపం. బొగడబంతి కూడా ఈ కుటుంబానిదే. దానిలో ఊదారంగుగా మెరిసేవి పూరేకులు కావు, పువ్వుల అడుగున ఉండే పుచ్ఛాలు. అవీ బిరుసైన కాగితాలే.

ఈ కుటుంబానిదే ఇంకో విశేషం. గులాబీకి, శంఖుపువ్వుకు రంగునిచ్చే ఆంథోసయనిన్లు కణంలోని నీళ్లలో కరిగి ఉంటాయి. ఆ నీటి పులుపు మారితే రంగూ మారుతుంది, అందుకే ఎర్ర గులాబీ ఎండితే నల్లగా కనిపిస్తుంది. సీతమ్మవారి జడలోనూ బొగడబంతిలోనూ తోటకూరలోనూ బీట్‌రూట్‌లోనూ ఉండేవి బీటలెయిన్లు అనే వేరే రంగులు. ఒకే మొక్కలో ఈ రెండు జాతుల రంగులూ కలిసి కనిపించవు. పొడి రేకులో బీటలెయిన్ చాలాకాలం నిలుస్తుంది, ఎండ తగలకపోతే. బంతిలోని పసుపు మూడో రకం, కెరోటినాయిడ్. అది నీటిలో కాక కొవ్వులో కరిగేది. ఎండిన బంతిరేకు ముడుచుకుపోయినా పసుపు పోదు.

ఏడాది మొక్క ఆఖరి పని

మామిడిచెట్టు ఈ ఏడు కాయకపోతే వచ్చే ఏడు చూసుకుంటుంది. వరికి, నువ్వుకు, బెండకు, సీతమ్మవారి జడకు ఆ వెసులుబాటు లేదు. ఒక్క కాపు, ఆ తరువాత చావు. అందుకని గింజ కట్టే వేళకు ఆకుల్లోని నత్రజనిని కూడా లాగి గింజకు పంపుతాయి. పొలం పండి పసుపెక్కడం అంటే ఇదే. మిగిలిన కాడకు, గింజను పట్టుకున్న తొడిమలకు లిగ్నిన్ అనే కర్రపదార్థం దట్టిస్తాయి. మొక్క చచ్చిపోయాక కూడా గింజ నేల మీద పడి కుళ్లకుండా, గాలికి ఎత్తున నిలిచి ఉండాలి కదా.

వరి ఇంకో అడుగు ముందుకు వేసింది. వేళ్లతో నేలలోని సిలికాను పీల్చి గింజ పైపొట్టులో పేర్చుకుంటుంది. మన మిల్లుల దగ్గర ఊక కాలిస్తే దాని బరువులో ఇంచుమించు ఐదోవంతు బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో నూటికి తొంభై పాళ్ల దాకా సిలికాయే. వరికుచ్చు కుళ్లకుండా బంగారురంగులో నిలవడానికి ఈ కవచం ఒక కారణం.

మరో కారణం మనుషులు చేసింది. అడవి వరిలో గింజ పండగానే దాని మెడ దగ్గర ఒక పల్చటి పొర విడిపోతుంది, గింజ రాలుతుంది. రాలుపొర అందాం దీన్ని, శాస్త్రజ్ఞుల అబ్సిషన్ లేయర్. మొక్కకు అది మేలు, కోసేవాడికి నష్టం. వేల ఏళ్లపాటు మనుషులు ఇంటికి తెచ్చుకోగలిగినవి రాలకుండా కంకికే అంటుకున్న గింజలు, మళ్లీ చల్లినవీ అవే. 2006లో ఈ గుట్టు జన్యువుల్లో దొరికింది. ఎస్‌హెచ్4, క్యూఎస్‌హెచ్1 అనే రెండు జన్యువులను రెండు పరిశోధక బృందాలు వేరువేరుగా గుర్తించాయి. జన్యు లిపిలో ఒక అక్షరం మారడంతోనే రాలుపొర సరిగా ఏర్పడకుండా పోయింది. 1925 నుంచి వరి మీదే పనిచేస్తున్న మార్టేరు పరిశోధన స్థానం 1982లో ఇచ్చిన స్వర్ణ, అదే ఎంటీయూ 7029, కంకిని కుచ్చు కట్టి ఏడాది వేలాడదీసినా గింజలు వాటంతట అవి రాలిపోవు. ఆ కుచ్చు వెనుక పేరు తెలియని ఆదిమ రైతుల ఎంపిక ఉంది.

నువ్వుల సంగతి వేరు. నువ్వుకాయ ఎండుతున్నకొద్దీ గోడలోని రెండు పొరలు రెండు దిక్కుల్లో కుంచించుకుంటాయి, ఆ లాగుడుకు కాయ కొన దగ్గర నోరు తెరుస్తుంది. అందుకే రైతు కాయ పూర్తిగా ఎండకముందే కోసి, కట్టలు కట్టి, నోరు పైకి ఉండేలా నిలబెడతాడు. 1943లో వెనెజువేలాలో డి.జి. లాంగమ్ అనే శాస్త్రజ్ఞుడికి నోరు తెరవని నువ్వుమొక్క ఒకటి దొరికింది. యంత్రంతో కోసే నువ్వుల కథ అక్కడ మొదలైంది. మన నాటు నువ్వు మాత్రం నోరు తెరిచేదే. అలంకారానికి అదే అందం: పచ్చదనం పోయిన కాడ నిండా చిన్నచిన్న విచ్చిన కుప్పెలు.

కాలవగట్ల మీది చిటపటకాయలు దీన్ని ఇంకా నాటకీయంగా చేస్తాయి. ఎండిన కాయను నీళ్లలో వేస్తే టప్పున పేలి గింజలు చిమ్ముతుంది. పిల్లలకు ఆట, మనకు పాఠం. ఎండినంత మాత్రాన కాయలో కదలిక ఆగదు. తేమ తగిలితే పొరలు ఉబ్బుతాయి, పోతే ముడుచుకుంటాయి. కుచ్చు కట్టదలచిన కాయ రేపు ఏం చేస్తుందో కోసేముందే తెలిసి ఉండాలి. చిటపటకాయను గోడకు కట్టకండి.

తేమ శాతం ఎంత?

డెల్టా రైతుకు ఈ ప్రశ్న చెప్పక్కర్లేదు. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో ధాన్యానికి 17 శాతం తేమ గీటు. అంతకు మించితే కోత, లేదా మళ్లీ కళ్లంలో ఆరబెట్టుకో. ఎండలో ఆరబోసి 16కు దించిన ధాన్యం రాత్రి మంచుకు మళ్లీ బరువెక్కడం చూసి తిట్టుకోని రైతు లేడు. అక్కడే అసలు సూత్రం ఉంది. గింజైనా, పువ్వైనా, కాగితమైనా పూర్తిగా ఎండిపోవడం అంటూ ఉండదు. చుట్టూ ఉన్న గాలిలో తేమ ఎంతో దానికి తగిన తేమ దగ్గర వచ్చి ఆగుతుంది. దీన్ని తేమ సమతూకం అనవచ్చు. గాలిలో తేమ 75 శాతం దగ్గర ఉంటే ధాన్యం సుమారు 14 శాతం దగ్గర నిలుస్తుంది. గాలి 90కి పోతే ధాన్యం 17 దాటుతుంది. గాలి తేమ 70 దాటి రోజుల తరబడి ఉంటే బూజు మొలుస్తుంది, ధాన్యం మీదా, మీ సీతమ్మవారి జడ మీదా.

వానాకాలంలో మన గాలి పొద్దున్నే ఎనభై, తొంభై చూపిస్తుంది. ఆ రోజుల్లో పువ్వు వేలాడదీయడం దండగ. కానీ పుష్యమాసపు పొగమంచు పొద్దుటిని చూసి భయపడక్కర్లేదు. 20 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి 17 గ్రాముల ఆవిరిని మాత్రమే పట్టగలదు. 30 డిగ్రీల దగ్గర 30 గ్రాములు పట్టగలదు. పొద్దున్నే 20 డిగ్రీల వేళ గాలి నిండు తేమతో, నూటికి నూరుగా ఉంది అనుకోండి. మధ్యాహ్నానికి వేడి 30కి పెరిగితే అదే 17 గ్రాములు, పట్టగల 30లో సగం పైచిలుకే: 57 శాతం. ఒక్క చుక్క నీరు బయటికి పోకుండానే గాలి పొడిబారింది. కనుక పూలు వేలాడే గది కిటికీలు పొద్దున పదింటికి తెరిచి సాయంత్రం చలిపడకముందే మూసెయ్యండి. మన వాళ్లు గాలాడాలని రాత్రంతా తెరిచిపెడతారు. ఎండుపూలకు అది హాని.

సంవత్సరం మొత్తం చూస్తే మనకు చిక్కే కాలం డిసెంబరు నడిమి నుంచి మార్చి ఆఖరు దాకా. అక్టోబరు, నవంబరు నెలలను నమ్మరాదు. 1996 నవంబరు 6న కోనసీమను ఊడ్చిన తుఫాను కొబ్బరినే మిగల్చలేదు. పడిపోయిన వరి నీళ్లలో నాని కంకిమీదే మొలకెత్తడం తుఫాను ఏడుల్లో చూస్తూనే ఉన్నాం. ఏప్రిల్, మే నెలల్లో రాజమండ్రి వైపు వడగాలి రెండురోజుల్లో ఎండబెడుతుంది, కాని ఆ వేడికి రేకులు పెళుసెక్కి రాలతాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలి ఆ నెలల్లోనూ చెమ్మే మోసుకొస్తుంది. ఒకే డెల్టాలో ఇన్ని తేడాలు.

ఎండుపూల విషయంలో లోకం అంతా చెప్పుకునే ఉదాహరణ ఈజిప్టుది. 1922లో హోవార్డ్ కార్టర్ బయటపెట్టిన టుటాంఖామున్ సమాధిలో, అన్నిటికన్నా లోపలి శవపేటిక మీద ఒక పూలహారం ఉంది. ఆలివ్ ఆకులు, నీలిరంగు కార్న్‌ఫ్లవర్లు, మనం అశ్వగంధ అనే మొక్క పళ్లు అందులో గుర్తించారు. మూడువేల మూడు వందల ఏళ్లు నిలిచాయి. ఏ మొక్క ఎప్పుడు పూస్తుందో కాస్తుందో లెక్క కట్టి, అంత్యక్రియలు మార్చి, ఏప్రిల్ నెలల్లో జరిగాయని వృక్షశాస్త్రం తెలిసిన పెర్సీ న్యూబెరీ తేల్చాడు. ఆ పూలను కాపాడిన మందూ మాకూ ఏమీ లేదు. పొడిగాలి, చీకటి, పురుగు చొరలేని గది. మనకు మూడు వేల ఏళ్లు అక్కర్లేదు కనుక మూడున్నర నెలల పొడిగాలి సరిపోతుంది.

ఏవి వెయ్యాలి, ఎప్పుడు వెయ్యాలి

ఇంగ్లీషు తోటపని పుస్తకాలు విత్తనకాయల జాబితాలో మొదట రాసేది గసగసాల కాయ. దాన్ని ఇక్కడ మరిచిపోండి. 1985 మాదకద్రవ్యాల చట్టం ప్రకారం కేంద్రం లైసెన్సు లేకుండా నల్లమందు గసగసాల మొక్క పెంచడం నేరం. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో కొన్ని ప్రాంతాలకే ఆ లైసెన్సు. జాబితాలో రెండోది నల్లజీలకర్రకు చుట్టమైన నిగెల్లా. కాయ నిజంగా అందమైనదే, కాని అది చలిదేశపు మొక్క, మన మాఘమాసానికే దానికి ఉక్కపోస్తుంది. పరదేశపు జాబితాను నెత్తిన పెట్టుకోవడం కంటే మన పెరడు చూసుకోవడం మేలు.

నా ఓటు మొదట సీతమ్మవారి జడకు, బొగడబంతికి. రెండూ వేడినేలల మొక్కలు. సీతమ్మవారి జడ గింజలు గ్రాముకు వెయ్యికి పైగా తూగుతాయి కనుక చిటికెడు ఇసుకలో కలిపి చల్లి, పైన కనీకనపడనంత మట్టి కప్పాలి. విత్తిన రెండు నెలలు, రెండున్నర నెలలకు పూత. బొగడబంతికి ఇంకాస్త ఆలస్యం. జనవరి, ఫిబ్రవరి నెలల్లో కోత రావాలంటే అక్టోబరులో వానపడని చోట కుండీల్లో నారు పోసి, తుఫాను భయం తగ్గాక నవంబరు రెండో పక్షంలో నాటుకోవాలి. ఒక చిక్కుంది. సీతమ్మవారి జడ పగలు తగ్గేకొద్దీ తొందరగా పూతకొస్తుంది. మన అక్షాంశంలో జూన్‌లో పగలు పదమూడు గంటలు, డిసెంబరులో పదకొండు. చలికాలపు మొక్క పొట్టిగా ఉండగానే పూస్తుంది. నర్సరీలో కొనేవాళ్లు చూడచక్కగా పూసిన నారును ఎంచుకుంటారు. ఈ పనికి అది తప్పు. సంచిలో వేళ్లు చుట్టుకుపోయి ఇరుకులో పూసిన మొక్క ఇక ఎదగదు. పూత లేని లేత నారే అడగండి. కోడిజుట్టు రకానికి తల తుంచకూడదు, ఈకల్లాంటి రకానికి తుంచితే కొమ్మలు వస్తాయి.

డెల్టా ఒండ్రు బలమైనది, నీరు పట్టి ఉంచేది. వరికి వరం, వీటికి వేరుకుళ్లు. జానెడు ఎత్తు మడి వేసి, కొబ్బరిపొట్టు, ఇసుక కలిపితే నీరు జారుతుంది. యూరియా మాత్రం చల్లకండి. నత్రజని మితిమీరితే కాడ మెత్తగా, నీళ్లమయంగా పెరుగుతుంది, లిగ్నిన్ పట్టదు. ఎండబెడితే మెడ వాలుస్తుంది.

ఇక ఖర్చులేనివి. ముదిరిపోయిందని పారేసే బెండకాయను మొక్కకే వదిలెయ్యండి. ఎండి ఐదు పలకలుగా చీలి, బూడిదరంగు గీతలతో నిలబడుతుంది. డెల్టాలో దొరికే విత్తనకాయల్లో దీన్ని మించింది నాకు కనపడలేదు. వరికోతకు ముందు చేలో చల్లే జనుము కొంచెం గట్టున కాయ దాకా ఉంచితే గింజలు లోపల విడిపోయి గలగలలాడే కాయలిస్తుంది. కంచెమీద పాకే బుడ్డకాకర తీగ పల్చటి బుడగకాయలు, దారిపక్కన పెరిగే రణభేరి ముళ్లబంతులు, కొర్రకంకులు చాలా బాగుంటాయి. రణభేరి గుచ్చుకుంటుంది, చేతికి గుడ్డ చుట్టుకోవాలి. ఉమ్మెత్తకాయ చూపుకు బాగున్నా ప్రతి భాగమూ విషం, పిల్లలున్న ఇంట్లోకి తేవద్దు. తోటపనిలో వాడిన పువ్వులు తుంచెయ్యాలని అందరూ చెబుతారు. తుంచితే మొక్క గింజ కట్టలేదు కనుక మళ్లీ పూస్తుంది, మాట నిజమే. కాయలు కావాలంటే ఆ సలహా పక్కన పెట్టాలి.

కోత, కట్ట, చీకటి గది

మంచు ఆరాక కొయ్యండి, పది దాటాక. సీతమ్మవారి జడను కింది వరసలో నల్లగింజలు కనపడే వేళకు, బొగడబంతిని బంతి పూర్తిగా గుండ్రమై గట్టిపడ్డాక కొయ్యాలి. నువ్వుకాడను మొదటి కాయ నోరు తెరవగానే. వరికంకిని గింజ పసుపెక్కి, కాడలో ఇంకా పచ్చదనం ఉన్నప్పుడు. బాగా ఎండిన గడ్డి మెలిపెడితే విరుగుతుంది. కుచ్చు అల్లేవాళ్లు అందుకే కాడను కాస్త పచ్చిగా ఉండగానే అల్లుతారు, ఎండిపోతే తడిగుడ్డలో చుట్టి మెత్తబరుస్తారు.

ఆకులు దూసేసి ఎనిమిది, పది కాడలు ఒక కట్టగా కట్టండి. దారంతో కడితే ఎండి కుంచించిన కాడలు జారిపోతాయి. రబ్బరుబ్యాండు తానూ బిగుసుకుంటుంది. తలకిందులుగా వేలాడదీయాలి. కాడలో బిగువు పోయినప్పుడు తల బరువుకు వంగకుండా, ఎండేసరికి నిటారుగా గట్టిపడుతుంది. కోనసీమ మండువా ఇళ్ల అటకలు ఇందుకు శ్రేష్ఠం: చీకటి, పెంకు కింద వెచ్చదనం, గాలి. అపార్టుమెంటులో ఉన్నవాళ్లకు మంచం కింది చోటు కంటే బీరువా పైభాగం మేలు. డాబా మీది ఎండలో మాత్రం పెట్టొద్దు. ధాన్యానికి రంగుతో పనిలేదు, పువ్వుకుంది. బీటలెయిన్‌ను వెలుతురు విరిచేస్తుంది. రెండు మూడు వారాలకు కాడ వంచితే చిటుక్కున విరగాలి. వంగితే ఇంకా చెమ్మ ఉన్నట్టే.

బంతి, జినియా వంటి నీరున్న రేకుల పువ్వులు కావాలంటే ఇసుకలో పాతాలి. గోదావరి సన్న ఇసుక కడిగి, ఎండలో మాడ్చి, చల్లారాక పువ్వు చుట్టూ మెల్లగా పోస్తే రేకులు ముడుచుకునే దారి లేక ఉన్న ఆకారంలోనే ఎండుతాయి. ఓపిక కావలసిన పని. విత్తనకాయలకు దీని అవసరమే రాదు.

అసలు శత్రువు ఎండాక వస్తుంది. వడ్ల చిలక, ముక్కు పురుగు గింజ ఉన్న ప్రతి కుచ్చునూ వెతుక్కుంటాయి. పిచ్చుకల కోసం కట్టిన వరికుచ్చుకు ఈ దిగులు లేదు, తినడానికే కట్టారు. గదిలో ఉంచే కట్టలను పాలిథీన్ సంచిలో బిగించి నాలుగు రోజులు డీప్‌ఫ్రీజర్‌లో పెడితే గుడ్లు, పురుగులు చస్తాయి. తీశాక సంచి విప్పకుండా గది వేడికి వచ్చేదాకా ఆగాలి, లేకపోతే గాలిలోని ఆవిరి పువ్వు మీద నీరై కూర్చుంటుంది. జూన్‌లో తొలకరి పడే లోపు గాలి చొరని డబ్బాల్లోకి మార్చెయ్యండి. వానాకాలమంతా గోడమీద ఉంచుతామంటే బూజుకు సిద్ధపడాలి.

అమ్ముకునేంత పని ఇది అవుతుందా? ఇప్పటికిప్పుడు అవదు. ఓడలెక్కించే వ్యాపారానికి రంగులద్దే చోట్లు, తేమ అదుపులో ఉండే గోదాములు కావాలి. కాని బంతికి ధర లేని వారంలో పారబోసే బదులు, మడి గట్టున రెండు వరసల సీతమ్మవారి జడ, బొగడబంతి ఉన్న రైతుకు ఇవాళ అమ్మకపోయినా చెడని సరుకు కొంత చేతిలో ఉంటుంది. కడియం నర్సరీలు కొత్త మొక్కను అలవాటు చెయ్యడంలో ఎవరికీ తీసిపోవు. ఈ రెంటినీ ఎండుపూల రకాలని చీటీ రాసి అమ్మడం వాళ్లకు పెద్ద పని కాదు.

కట్టలు వేలాడదీసేముందు ప్రతి రకం నుంచి నాలుగు తలలు కాగితపు సంచిలో దులిపి గింజ పట్టండి. కొన్న పాకెట్ మీద ఎఫ్1, అంటే సంకర రకం, అని ఉంటే ఆ గింజ తల్లిలా రాదు. నాటు రకమైతే వస్తుంది, పక్కన వేరే రంగు లేకుంటే. విత్తనంలో తేమ 1 శాతం తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ హారింగ్టన్ చెప్పిన లెక్క. గాజుసీసా అడుగున వేయించి చల్లార్చిన బియ్యం గుడ్డమూటలో కట్టి పెడితే మిగిలిన చెమ్మను అది పీల్చుకుంటుంది. సీసా మీద రకం పేరు, కోసిన నెల రాసిపెట్టండి. సీతమ్మవారి జడ గింజ, తోటకూర గింజ రెండూ నల్లగా మెరుస్తాయి, మొలిచి నాలుగాకులు వేసేదాకా తేడా తెలియదు.